బ్రేకుల వరుస

తూకాలూ కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసే ఆయన్ని వీధిలో వాళ్ళంతా మిల్లీగ్రామ్ గారు అనేవారు. ఎదురుపడితే మాత్రం సార్ అనేవారు. దుకాణాల్లో కాటాలు, తూకపురాళ్ళు, పెట్రోలు బంకుల్లో పంపులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఇరవై రెండేళ్ళుగా ఆయన పని. సరిగ్గా ఉంటే సీసపు ముద్ర వేసేవాడు, లేకపోతే లేదు. ఒకవేళ, దాదాపు, సుమారుగా లాంటి మాటలు ఆయన నోట ఎవరూ వినలేదు. మెట్లు దిగుతూ లోలోపల లెక్కపెట్టుకుంటాడనీ, ఒక మెట్టు తేడా వస్తే మళ్ళీ పైకెక్కి దిగుతాడనీ ఆయన బావమరిది అందరికీ చెప్పేవాడు. అది అన్యాయం. ఒక్కసారే అలా చేశాడు.

ఆయనకు పదిహేడేళ్ళ నాటి చిన్న కారు ఉండేది. దాన్ని ఎన్నడూ నలభై దాటించలేదు. ఉదయం ఎనిమిదికి బయల్దేరి, వంతెన ఎక్కి దిగి, అవతలి ఒడ్డున ఉన్న ఆఫీసుకు ఎనిమిదీ నలభైకి చేరేవాడు. వంతెన ఇరుకు. ఒక్కోవైపు ఒక్కటే వరుస, ముందు బండిని దాటిపోయే వీల్లేదు. ఎవరి ఆఫీసు వేళలు వాళ్ళవి కాబట్టి రోజూ అవే బళ్ళు, అదే వరుసలో, ఒకదాని వెనక ఒకటి వెళ్ళేవి. వంతెన దిగేచోట వాలు, వాలు చివర బడి. బడి ముందు మెరిసే కోటు వేసుకున్న ఒకావిడ, కర్రకు బిగించిన 'ఆగుము' బోర్డు అడ్డం పెట్టి పిల్లల్ని రోడ్డు దాటించేది.

ఒక సోమవారం ఆవిడ బోర్డు ఎత్తింది. మిల్లీగ్రామ్ గారు బ్రేకు తొక్కాడు. పెడలు మెత్తగా లోపలికి దిగిపోయింది. కారు ఆగడం ఆగింది కానీ, ఆయన అనుకున్న చోట కాదు. బంపరు వెళ్ళి బోర్డు అంచుకు తగిలి టప్‌మంది. ఆవిడ ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. పిల్లలందరూ దాటేదాకా ఆగి, బోర్డు తిప్పి చూసుకుంది.

"గీత పడింది" అంది. "ఇది నా సొంతం కాదండీ, బడి వాళ్ళది."

అంతకంటే నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఆఫీసులో రెండువందల గ్రాముల రాయిని ఐదువందల గ్రాముల గూట్లో పెట్టాడు. మధ్యాహ్నం దాకా చూసుకోలేదు కూడా.

సాయంత్రం తిన్నగా బావమరిది షెడ్డుకు వెళ్ళాడు. బావమరిది మెకానిక్కు. చేతికి గ్రీజు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు. చెప్పే మాటలో అనుమానం ఉండగా విన్నవాళ్ళూ లేరు. అతను కారుకు జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, లైటు వేసి చూశాడు.

"బావా, మీ బ్రేకులకు ఏ రోగమూ లేదు. అవి పుట్టడమే అంత పుట్టాయి" అన్నాడు.

ఆ తరువాత అసలు సంగతి చెప్పాడు. ఈ కారు చేసిన కంపెనీయే ఒక పెద్ద కారు కూడా చేసేది. హోటళ్ళవాళ్ళు అతిథుల్ని తీసుకురావడానికి పంపేవాళ్ళే, ఆ పొడుగాటి కారు. దాని బ్రేకు డిస్కు భోజనం పళ్ళెమంత ఉంటుంది. మిల్లీగ్రామ్ గారి కారుది దాని ముందు సాసరు. డిస్కును రెండువైపులా నొక్కిపట్టే క్యాలిపర్ కూడా పెద్ద కారుది ఇంతింత ఉంటుంది. విచిత్రమేమిటంటే బోల్టు రంధ్రాలు మాత్రం రెండింటికీ ఒక్కచోటే. తీసి పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోతాయి.

అచ్చు గుద్దినట్టు అనే కొలత ఆయన ఎరగడు. ఆదివారం నాడు సొంత వెర్నియర్ కొలబద్ద పట్టుకుని బావమరిదితో తుక్కు యార్డుకు వెళ్ళాడు. అక్కడ ఎనిమిది పెద్ద కార్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి రంధ్రం నుంచీ ప్రతి రంధ్రానికీ కొలిచాడు. తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు. లేచి నిలబడి బావమరిది భుజం తట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

బ్రేకులు సరిపోయాయి. కారు సరిపోలేదు. కొత్త క్యాలిపర్ పాత చక్రం లోపల పట్టలేదు, అందుకని పెద్ద కారు చక్రాలు కూడా తెచ్చారు. ఆ చక్రాలు మడ్‌గార్డులకు రాసుకున్నాయి, కారును రెండంగుళాలు పైకి లేపారు. పైకి లేచాక ఆయనకు స్టీరింగు మీదుగా రోడ్డు కొత్తగా, కాస్త కిందుగా కనిపించసాగింది. చక్రాలు పెద్దవి కావడంతో మీటరు వేగాన్ని తక్కువ చూపించింది. అబద్ధం చెప్పే ముల్లును ముందు పెట్టుకుని ఆయన ఒక్క గజం కూడా నడపలేడు. లెక్కగట్టి, సన్నటి కాగితం మీద కొత్త అంకెలు రాసి, మీటరు అద్దం తీసి లోపల అంటించాడు. ఆఖరుకు, ఆ పెద్ద క్యాలిపర్లకు పాత పంపు పంపే ఆయిల్ ఏ మూలకూ చాలక పెడలు నేలకు తగిలింది. మాస్టర్ సిలిండరు అనే ఆ పంపు కూడా పెద్ద కారుదే వేశారు.

అది వేశాక గొట్టాల్లో చేరిన గాలి తీయాలి. ఆ పనికి ఒకరు కారులో కూర్చుని పెడలు తొక్కాలి, మరొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి, ఆయిల్‌తో పాటు బుడగలు పోయాక బిగించాలి. చక్రం దగ్గర బావమరిది కూర్చున్నాడు. సీసాలో బుడగలు లెక్కపెడుతూ మిల్లీగ్రామ్ గారు కూర్చున్నాడు. పెడలు తొక్కడానికి ఆయన భార్యను పిలిచారు.

ఆవిడ కోర్టులో స్టెనోగ్రాఫరు. ఎవరు ఏమన్నా పొల్లు పోకుండా రాసుకుంటుంది, రాసుకోకపోయినా తిరిగి చెబుతుంది. పాతికేళ్ళ కాపురంలో ఈ విద్య ఆయనకు ఒక్కసారీ కలిసిరాలేదు.

తమ్ముడు "తొక్కక్కా" అనేవాడు, ఆవిడ తొక్కేది. "పట్టు, వదులు" అనేవాడు, ఆవిడ పెడలు వదిలేది. గొట్టం గుక్కెడు గాలి మింగేది. మళ్ళీ మొదటికి వచ్చేది. నాలుగుసార్లు ఇలా అయ్యాక తమ్ముడు పానా కింద పడేసి, నట్టు వదులు చేస్తున్నానని చెబుతుంటే నువ్వు కాలు వదులుతావేంటని అక్క మీద విరుచుకుపడ్డాడు.

ఆవిడ అద్దం దించింది. "నువ్వన్నది 'పట్టు, వదులు' అని. నాలుగుసార్లూ అదే అన్నావు. 'పట్టు, నేను నట్టు వదులు చేస్తున్నాను' అని ఒక్కసారీ అనలేదు. కావాలంటే మొదటినుంచీ చెబుతా."

అక్కర్లేదన్నాడు తమ్ముడు. ఆ తరువాత అతను కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు పూర్తి వాక్యాలు మాట్లాడాడు, ముప్పావుగంటలో గాలంతా పోయింది. పెడలు రాయిలా గట్టిపడింది.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో పరీక్షించారు. పాత బ్రేకులతో నలభైలో వస్తూ తొక్కితే కారు పదిహేను మీటర్ల ఇరవై సెంటీమీటర్లకు ఆగేది. అంతకుముందే కొలిచి రాసుకున్నాడు. ఇప్పుడు ఎనిమిదిన్నరకు ఆగింది. కళ్ళజోడు వెళ్ళి ముందు అద్దానికి కొట్టుకుంది, వెనక సీట్లో ఉన్న టిఫిన్ డబ్బా ముందు సీట్లోకి వచ్చింది. ఆయన దిగి, స్టీలు టేపు పరిచి, రెండుసార్లు కొలిచి, ఆ నేల మీదే కాసేపు కూర్చున్నాడు. ఏమైందని భార్య అడిగింది. ఏమీ లేదు, సంతోషంగా ఉందన్నాడు.

మరుసటి సోమవారం వంతెన దిగుతుండగా బోర్డు లేచింది. మిల్లీగ్రామ్ గారు తొక్కాడు. కారు బోర్డుకు ఇరవై అడుగుల ఇవతలే, నేలకు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అది వదిలేలోపే వెనకనుంచి ధడేలుమంది.

వెనక కారు పళ్ళ డాక్టరమ్మది. తొమ్మిదేళ్ళుగా ఆవిడ రోజూ ఆయన వెనకే వస్తోంది. ఇద్దరూ దిగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, బంపర్లే నొక్కుకుపోయాయి. ఆవిడ ఆయన ముఖం కేసి పరీక్షగా చూసింది.

"మీ తల వెనక పుట్టుమచ్చ ఎక్కడుందో నాకు తెలుసు. ముఖం చూడటం ఇదే" అంది.

తప్పు తనది కాదని చట్టం చెబుతుంది. వెనక వచ్చేవాళ్ళే చూసుకోవాలి. కానీ కాటాలో ఒక పళ్ళెం సరిచేసి రెండోది వదిలేసేవాణ్ణి ఆయన ఎన్నడూ క్షమించలేదు. తన కారు ఎనిమిదిన్నరకు ఆగుతుందని తనకు తెలుసు, వెనక ఆవిడకు తెలియదు. ఆవిడ కారు కూడా ఆ కంపెనీదే. అక్కడికక్కడే తన బావమరిది గురించి చెప్పాడు. ఆ ఆదివారం తుక్కు యార్డులో రెండో పెద్ద కారు బ్రేకులు ఊడాయి.

మూడో సోమవారం మిల్లీగ్రామ్ గారు ఆగాడు, ఆయన వెనక జానెడు దూరంలో డాక్టరమ్మ ఆగింది, ఆవిడ వెనక వచ్చే కేకు మాస్టారు ఆగలేదు. కేకు మాస్టారికి అరవై ఏళ్ళు, పెళ్ళిళ్ళకు అంతస్తుల కేకులు చేసి వ్యానులో తీసుకెళ్తాడు. ఆ రోజు నాలుగంతస్తులది ఉంది. పై రెండు అంతస్తులు ఆయన్ని దాటుకుని ముందు అద్దానికి అతుక్కున్నాయి. ఆయన వైపర్ వేసి చూశాడు. క్రీము లోపలివైపు ఉందని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

కేకు వ్యాను కూడా ఆ కంపెనీదే, మూడో పెద్ద కారు బ్రేకులు దానికి వెళ్ళాయి. దానితో ఇంకో చిక్కు వచ్చింది. ఇప్పుడు వ్యాను ఎవరినీ గుద్దడం లేదు కానీ, ఆగిన ప్రతిసారీ కేకులు ముందుకు ఒరుగుతున్నాయి. మాస్టారు ఆలోచించి, కేకుల్ని రెండు వేళ్ళ మేర వెనక్కి వాలేటట్టు పేర్చడం మొదలుపెట్టాడు. బోర్డు దగ్గర ఒక్క బ్రేకుతో అవి నిటారుగా నిలబడేవి. బడికి సెలవైన రోజున మాత్రం బోర్డు లేచేది కాదు, కేకు వాలిన కేకుగానే పెళ్ళికి చేరేది.

ఇలా ముగ్గురూ కలిసిపోయారు. వరుసలో ఉన్నవాళ్ళు వరుసలు కూడా కలుపుకున్నారు. ముందున్నవాళ్ళు అన్నో అక్కో అయ్యారు, వెనకున్నవాళ్ళు చెల్లెలో తమ్ముడో అయ్యారు. మిల్లీగ్రామ్ గారు అన్నయ్యగారు, డాక్టరమ్మ చెల్లమ్మ. నలభై ఏళ్ళ డాక్టరమ్మకు అరవై ఏళ్ళ కేకు మాస్టారు తమ్ముడయ్యాడు, ఆయన దానికి ఏమీ అనుకోలేదు. అక్కయ్యగారూ అంటూ ఊడిన పన్ను చూపించుకున్నాడు.

కేకు మాస్టారి వెనక నీళ్ళ ట్యాంకరు వచ్చేది. దాని డ్రైవరు ముప్ఫై నాలుగేళ్ళ భారీ మనిషి, నోట్లో మాట నోట్లోనే ఉండేది. ట్యాంకరు నెమ్మది కాబట్టి దాని వెనక బళ్ళన్నీ రోజూ హారను మోగిస్తూనే ఉండేవి. నాలుగో సోమవారం అతను కూడా బ్రేకు వేశాడు. ట్యాంకరు ఆగింది కూడా. లోపలి నీళ్ళు ఆగలేదు. ఒక్క క్షణం తరువాత అవన్నీ ముందు గోడకు వచ్చి కొట్టుకున్నాయి. ట్యాంకరు మెల్లగా వ్యానును నెట్టింది, వ్యాను డాక్టరమ్మ కారును నెట్టింది, అది మిల్లీగ్రామ్ గారి కారును నెట్టింది. ప్రపంచంలో ఏ బ్రేకు పట్టినా ఆగని తోపుకు ఆయన కారు ఇరవై అడుగులు జరిగి, బోర్డుకు తగిలి టప్‌మంది.

మెరిసే కోటావిడ బోర్డు తిప్పి చూసుకుంది. "మళ్ళీ అక్కడే" అంది.

ఆ శనివారం మధ్యాహ్నం కేకు దుకాణం వెనక గదిలో అందరూ కూర్చున్నారు. మైదా బస్తాలే కుర్చీలు. ముందుకు ఒరిగి పాడైన కేకుల ముక్కలు పళ్ళేల్లో ఉన్నాయి. బావమరిది కూడా వచ్చాడు. మిల్లీగ్రామ్ గారి భార్య నోటుపుస్తకం తెచ్చుకుంది. ఎవరూ అడగకపోయినా ఆవిడ అన్నీ రాసుకుంటోంది. ట్యాంకరు డ్రైవరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. తప్పంతా తనదేనన్నట్టు అతను ఏ ముక్కా ముట్టలేదు.

బావమరిది జీవితంలో మొదటిసారి తెలియదన్నాడు. కారు బ్రేకులు ట్యాంకరుకు పట్టవు. లారీ బ్రేకులు వేసినా నీళ్ళకు బ్రేకు లేదు. రైలువి చూద్దామా అన్నాడు కాసేపటికి. ట్యాంకరును ఖాళీగా తీసుకెళ్తే పోలేదా అని కేకు మాస్టారు అడిగాడు. అవతలి ఒడ్డున నీళ్ళు లేవు కాబట్టే తీసుకెళ్తున్నానని డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు. రెండు గంటలు గడిచాయి, ఒకరి మాట ఒకరికి వినిపించని స్థితి వచ్చింది. అప్పుడు మిల్లీగ్రామ్ గారు భార్యను మొదటినుంచీ చదవమన్నాడు.

ఆవిడ చదివింది. ఎవరు ఎన్నిసార్లు కేకు అడిగారో కూడా అందులో ఉంది. మూడో పేజీలో ఒక వాక్యం వచ్చింది: "డాక్టరమ్మ: అసలు ఎవరి బ్రేకులైనా తన ముందున్నవాళ్ళ కంటే ఒక పిసరు బాగుంటే చాలు కదా. (ఎవరూ వినలేదు.)"

మిల్లీగ్రామ్ గారు ఆ వాక్యం మళ్ళీ చదవమన్నాడు, మళ్ళీ చదివింది. బ్రేకులు మార్చక్కర్లేదు. వరుస మార్చాలి. అందరికంటే తక్కువ బ్రేకులున్న బండి ముందుండాలి, అందరికంటే మంచి బ్రేకులున్న బండి చివర ఉండాలి. అప్పుడు ఎవరూ ఎవరినీ గుద్దరు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. తొమ్మిదేళ్ళుగా ముందుంటున్న తను ఇకమీద ఆఖర్న ఉండాలని ఆయనకు ఆ తరువాత అర్థమైంది. అయినా లెక్క లెక్కే.

మరుసటి ఆదివారం షెడ్డు వెనక స్థలంలో అందరి బళ్ళనూ కొలిచాడు. నలభైలో వస్తూ బ్రేకు వేస్తే ఎన్ని మీటర్లకు ఆగుతుందో ఆ అంకెను సుద్దముక్కతో బండి వెనక రాశాడు. ట్యాంకరుకు ఇరవై ఒకటి. వ్యానుకు పదకొండు. డాక్టరమ్మకు తొమ్మిది. తనకు ఎనిమిదిన్నర. సోమవారం ఉదయం వంతెన ఇవతల పెట్రోలు బంకులో నలుగురూ కలుసుకుని ఆ వరుసలోనే బయల్దేరారు. బోర్డు లేచింది, నలుగురూ ఆగారు, చప్పుడు లేదు. మెరిసే కోటావిడ కాసేపు అనుమానంగా చూసి పిల్లల్ని దాటించింది.

వరుస మారింది కాబట్టి వరుసలూ మారాయి. ట్యాంకరు డ్రైవరు పెద్దన్నయ్యగారు అయ్యాడు. యాభై మూడేళ్ళ మిల్లీగ్రామ్ గారు ఆఖరి తమ్ముడయ్యాడు.

అంకెలు రాసుకున్న ఆ నాలుగు బళ్ళను రోజూ చూసేవాళ్ళు బంకులో ఆగి అడగసాగారు. వాళ్ళ బంపర్లకు కూడా చరిత్ర ఉంది. మొదట ముగ్గురు చేరారు, తరువాత ఏడుగురు. రెండు నెలలకు వరుసలో ముప్ఫై ఒక్క బండ్లున్నాయి. ఇరవై ఒకటికి మించిన అంకె ఎవరికీ రాలేదు కాబట్టి ట్యాంకరు ముందే ఉండిపోయింది.

ఇక్కడే మనుషుల సంగతి బయటపడింది. బ్రేకులు ఎంత చెడ్డవైతే అంత ముందు చోటు, ఎంత ముందుంటే అంత తొందరగా ఆఫీసు. జనం కొలత రోజున పెడలు మీద పువ్వు పెట్టినట్టు కాలు పెట్టడం మొదలుపెట్టారు. అది కనిపెట్టి మిల్లీగ్రామ్ గారు, ఇకమీద ఎవరి బండినైనా తన భార్యే నడిపి ఆపుతుందని చెప్పాడు. ఆవిడ కాలికి మొహమాటం లేదు. చెప్పులు విడిచి, ఎక్కి, నలభై రాగానే ఉన్న బలమంతా పెట్టి తొక్కేది. అక్కడ దారి మూసుకుపోయేసరికి కొందరు బావమరిదిని పట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళ పనిలో బాగుచేయమని వచ్చినవాళ్ళే తప్ప పాడుచేయమని వచ్చినవాళ్ళను అతను చూడలేదు. తన పెద్ద కారు బ్రేకులు తీసి ఏదైనా బుల్లి కారువి వేయమని ఒక బ్యాంకు మేనేజరు బతిమాలాడట. అతను ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చాడు.

చివర్లో ఉండే మిల్లీగ్రామ్ గారు రోజూ ఆలస్యమయ్యేవాడు. ముప్ఫై బళ్ళు ట్యాంకరు నడకతో దిగాక గానీ ఆయన వంతు రాదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి పై అధికారి సంజాయిషీ అడిగాడు. మిల్లీగ్రామ్ గారు నాలుగు పేజీల జవాబు రాసి, పట్టికలు జతచేసి ఇచ్చాడు. అధికారి చదివి పిలిపించాడు. తన కారును ఎప్పుడు కొలుస్తారని మాత్రం అడిగాడు. ఆయనకు పదిహేడో చోటు వచ్చింది.

మార్పంతా ట్యాంకరు డ్రైవరులో కనిపించింది. పన్నెండేళ్ళు వెనక హారన్లు వింటూ బతికిన మనిషి, ఇప్పుడు ముప్ఫై బళ్ళకు ముందు నడుస్తున్నాడు. ఇస్త్రీ చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు. ట్యాంకరు ముందు భాగాన్ని రోజూ తుడిచేవాడు. పొద్దున్నే బంకులో అందరూ వచ్చారా అని లెక్క చూసుకుని, అప్పుడు గానీ ఇంజను స్టార్టు చేసేవాడు కాదు. ఒకరోజు డాక్టరమ్మ రాలేదని పది నిమిషాలు అందర్నీ ఆపాడు. ఎవరూ హారను కొట్టలేదు.

ఒక ఆదివారం కొలతకు ఇంకా గంట ఉండగా అతను షెడ్డు వెనక స్థలానికి వచ్చాడు. అక్కడ మిల్లీగ్రామ్ గారు, ఆయన భార్య తప్ప ఎవరూ లేరు. అతను ట్యాంకరు దిగి, చొక్కా సరిచేసుకుని, వాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

నీళ్ళ శాఖ వాళ్ళు కిందటి వారం ట్యాంకరుకు బ్రేకులు మార్చారనీ, నీళ్ళు ఒక్కసారిగా ముందుకు రాకుండా లోపల అడ్డుగోడలు కూడా పెట్టారనీ అతను చెప్పాడు. తనెవరినీ అడగలేదు, వాళ్ళంతట వాళ్ళే చేశారు.

మిల్లీగ్రామ్ గారు భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పులు విడిచి ట్యాంకరు ఎక్కింది. దుమ్ము రేపుకుంటూ వచ్చి తొక్కింది. ఆయన టేపు పరిచాడు. పన్నెండు మీటర్లు. ఈ లెక్కన ట్యాంకరు ఎక్కడో మధ్యలోకి, పందొమ్మిదో చోటుకో ఇరవయ్యో చోటుకో పోవాలి.

"నేను ముందున్నా ఎవరికీ ప్రమాదం లేదు సార్" అన్నాడు డ్రైవరు. "పాత బ్రేకులున్నట్టే దూరం నుంచే మెల్లగా తొక్కుకుంటూ వస్తున్నాను. వారం నుంచీ అంతే చేస్తున్నాను. ఎవరికీ తెలియలేదు."

మిల్లీగ్రామ్ గారు టేపు చుట్టడం ఆపాడు. "అంటే దూరం నుంచే మెల్లగా తొక్కితే సరిపోతుందా?"

"సరిపోతుందండీ."

"ఏ బండికైనా?"

"ఏ బండికైనా అంతే కదండీ" అన్నాడు అతను, ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాక.

ఆయన వెళ్ళి షెడ్డు గోడ పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. అక్కడ మూడు బళ్ళ నుంచి ఊడదీసిన పాత బ్రేకుల సామాను గుట్టగా పడి ఉంది. వెర్నియరు, చక్రాలు, మీటరులో అంటించిన కాగితం, అద్దానికి అతుక్కున్న కేకు, ముప్ఫై ఒక్క బళ్ళ వెనక సుద్ద అంకెలు, నాలుగు పేజీల సంజాయిషీ అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్ళముందు నుంచి వెళ్ళాయి. ఈ మాట ఇంకెవరికైనా చెప్పాలా అని ఆలోచించాడు. చెబితే ఏమవుతుందో కూడా ఆలోచించాడు. రేపు పొద్దున బంకులో ఎవరూ ఉండరు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఈ మనిషి మళ్ళీ హారన్ల మధ్య పడతాడు. డ్రైవరు దూరంగా నిలబడి, ట్యాంకరు వెనక తుడిచి శుభ్రం చేసి ఉంచిన నల్లటి జాగా వైపు చూస్తున్నాడు. అంకె రాసే జాగా అది.

మిల్లీగ్రామ్ గారు లేచాడు. కొలత పైకి చెప్పడం ఇరవై రెండేళ్ళ అలవాటు, అది ఆయన చేతుల్లో లేదు. "పన్నెండు" అని గట్టిగానే అన్నాడు. సుద్దముక్క తీసుకుని ఇరవై ఒకటి అని రాశాడు. అంకెలు తారుమారయ్యాయని ఎవరితోనైనా చెప్పవచ్చుననుకున్నాడు. తన విషయంలో ఆ మాట ఎవరూ నమ్మరని వెంటనే తోచింది.

వెనక్కి తిరిగేసరికి భార్య నోటుపుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఆయన అన్నది ఆవిడ విన్నది. ఆయన రాసింది కూడా చూసింది. ఆయన ముఖం కేసి కాసేపు చూసింది. ఆ తరువాత తల వంచి, పుస్తకంలో ఇరవై ఒకటి అని రాసుకుని, కింద గీత కొట్టింది.

డ్రైవరు ఏదో అనబోయాడు. ఆవిడ వద్దన్నట్టు చేయి ఊపింది. అతను ఏమైనా అంటే అదీ రాయాల్సి వస్తుంది.

అప్పటికే కేకు మాస్టారి వ్యాను గేటు దాటి లోపలికి వస్తోంది. ఆవిడ పుస్తకం భర్త చేతికిచ్చి, దాన్ని కొలవడానికి అటువైపు నడిచింది.